సీఏ-125 ఎక్కువొచ్చింది... క్యాన్సరేనా?

ప్రశ్న: నాకు 37 ఏళ్లు. 16 ఏళ్ల పాప ఉంది. ఏడాదిగా నెలసరి సమయంలో భరించలేనంత కడుపునొప్పి. స్కానింగ్ చేయిస్తే ఎడమ అండాశయంలో 4 సెంటీమీటర్ల సిస్ట్ ఉందన్నారు. రిపోర్టులో ‘ఒకే గది, గ్రౌండ్ గ్లాస్ ఎకోస్, ఘన భాగాలు లేవు, కుడి అండాశయం మామూలుగానే ఉంది, పొట్టలో నీరు లేదు’ అని రాశారు. భయం వేసి నేనే ల్యాబ్‌కు వెళ్లి సీఏ-125 రక్తపరీక్ష చేయించుకున్నాను. అప్పుడు నెలసరి రెండో రోజు. 35 లోపు ఉండాల్సింది 78 వచ్చింది. మా పెద్దమ్మ (అమ్మ వాళ్ల అక్క) 60వ ఏట అండాశయ క్యాన్సర్‌తో పోయారు. రిపోర్టు చూసినప్పటి నుంచి కంటిమీద కునుకు లేదు. అండాశయం తీయించేసుకోనా? పాపకు కూడా ఈ పరీక్ష చేయించాలా? ఏటా ట్యూమర్ మార్కర్ల (క్యాన్సర్ ఆనవాళ్ల కోసం చేసే రక్తపరీక్షల) ప్యాకేజీ చేయించుకుంటే ఇక భయం ఉండదా? అమ్మకు 62. ఆమెకూ చేయిద్దామంటే ‘నాకేం రోగం, రెండు నెలలుగా కాస్త గ్యాస్ తప్ప’ అంటోంది. కొంచెం తినగానే కడుపు నిండిపోతోందట, పొట్ట ఉబ్బరంగా ఉంటోందట, మాటిమాటికీ బాత్రూమ్‌కు వెళ్తోంది. గ్యాస్ మాత్రలు వేసుకుంటోంది. ఆమెను బలవంతం చేయాలా, వదిలేయాలా?
– పేరు వద్దన్న పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు అడిగినవన్నీ వివరంగానే చెబుతాను. కానీ మాటవరసకు అన్నట్టు ఉత్తరం చివర్లో రాశారే, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. మీ అమ్మగారిని ఈ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించండి. మీ సంగతి ఓ నెల ఆగినా ఫర్వాలేదు, ఆమె సంగతి ఆగకూడదు. బలవంతం చేయాలా అని అడిగారు కదా, చేయండి.

అరవై దాటిన మనిషికి కొత్తగా మొదలై రెండు నెలలైనా తగ్గని ఉబ్బరం, కొంచెం తినగానే కడుపు నిండిపోవడం, మాటిమాటికీ మూత్రం రావడం. ఈ మూడూ కలిసి ఉన్నప్పుడు గ్యాస్ అని తేల్చేముందు అండాశయాలను చూసి తీరాలి. అండాశయ క్యాన్సర్‌కు లక్షణాలే ఉండవని చాలామంది అనుకుంటారు. అది పూర్తిగా నిజం కాదు. లక్షణాలు ఉంటాయి. కాకపోతే అవి గర్భసంచికో అండాశయానికో సంబంధించినవిగా అనిపించవు, జీర్ణకోశానికి సంబంధించినవిగా అనిపిస్తాయి. అందుకే గ్యాస్ మాత్రలతో నెలలు గడిచిపోతాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2011లోనే ఈ విషయం స్పష్టంగా చెప్పింది. ఉబ్బరం, త్వరగా కడుపు నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, తరచూ మూత్రానికి వెళ్లాల్సి రావడం లాంటివి పదేపదే వస్తుంటే, ముఖ్యంగా నెలలో 12 సార్లకు మించి వస్తుంటే, అందులోనూ 50 దాటిన స్త్రీ అయితే సీఏ-125 చేయాలి, అది 35 గానీ అంతకు మించి గానీ ఉంటే స్కానింగ్ చేయాలి అని. పేగు చిరాకు వ్యాధి, అదే ఐబీఎస్, ఈ వయసులో కొత్తగా మొదలవడం అరుదని కూడా ఆ మార్గదర్శకాల్లోనే ఉంది.

ఇంతమాత్రానికే మీ అమ్మగారికి క్యాన్సర్ అని అనుకోకండి. ఈ లక్షణాలతో వచ్చే వారిలో ఎక్కువమందికి వేరే కారణాలే బయటపడతాయి. ఆ కారణమేదో పరీక్ష చేసి తెలుసుకోవాలి, ఊహించుకుని ఊరుకోకూడదు అంటున్నాను, అంతే. ఆమె విషయంలో రక్తపరీక్ష ఒక్కటే చేయించి సరిపెట్టుకోవద్దు. డాక్టర్ చేత్తో పరీక్ష చేయాలి. పొట్ట మీద నుంచి, వీలైతే యోని మార్గం ద్వారా కూడా స్కానింగ్ జరగాలి. దాంతో పాటు సీఏ-125. ఒకవేళ ఆ అంకె మామూలుగా వచ్చినా, ఉబ్బరం అలాగే ఉంటే స్కానింగ్ మానకండి. తొలి దశలో ఉన్న అండాశయ క్యాన్సర్లలో దాదాపు సగం కేసుల్లో సీఏ-125 పెరగనే పెరగదు. మ్యూసినస్ రకం కణితులైతే బాగా పెద్దవైనా ఒక్కోసారి ఈ అంకెను కదిలించవు.

ఇక మీ 78 సంగతి.

సీఏ-125 అనేది ఒక పెద్ద ప్రొటీన్. అండాశయ క్యాన్సర్ కణాలు దీన్ని ఎక్కువగా విడుదల చేస్తాయి, నిజమే. అయితే కడుపు లోపల అవయవాలను కప్పి ఉంచే పొర, గర్భసంచి లోపలి పొర, గర్భనాళాలు, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొర, గుండె చుట్టూ ఉండే పొర కూడా దీన్ని తయారుచేస్తాయి. ఈ పొరల్లో ఏది రేగినా, ఎక్కడ వాపు వచ్చినా, ఎక్కడ నీరు చేరినా రక్తంలో సీఏ-125 పెరుగుతుంది. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం), అడినోమయోసిస్ (అదే పొర గర్భసంచి గోడలోకి పెరగడం), ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో వచ్చే మామూలు గడ్డలు), పొత్తికడుపు ఇన్ఫెక్షన్లు, గర్భం దాల్చిన తొలి నెలలు, లివర్ సిరోసిస్, గుండె వైఫల్యం, ఈమధ్యే జరిగిన కడుపు ఆపరేషన్, వీటన్నిటిలోనూ పెరుగుతుంది. ఏ జబ్బూ లేకపోయినా నెలసరి రోజుల్లో పెరుగుతుంది. మీరు రక్తం ఇచ్చింది సరిగ్గా ఆ రోజుల్లోనే. పరగడుపున ఇచ్చారా, తిని ఇచ్చారా అన్నది ఈ పరీక్షకు లెక్కలోకి రాదు. నెలసరిలో ఏ రోజు ఇచ్చారన్నదే లెక్క. ల్యాబ్‌లో రక్తం తీసేముందు ఈ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మీకు ఇన్ని రాత్రుల నిద్ర మిగిలేది.

35 అనే గీత ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసుకోవాలి. అమెరికాలో రాబర్ట్ బాస్ట్ బృందం 1981లో ఈ పదార్థాన్ని పట్టుకునే యాంటీబాడీని తయారుచేసింది. 1983లో రక్తపరీక్షగా దాని ఫలితాలను ప్రచురించింది. ఆరోగ్యంగా ఉన్న 888 మందిని పరీక్షిస్తే 35 దాటినవారు నూటికి ఒక్కరు. అండాశయ క్యాన్సర్ ఉందని ఆపరేషన్‌లో రుజువైన 101 మందిలో 35 దాటినవారు నూటికి 82 మంది. ఆ గీత ఇప్పటికీ అలాగే ఉంది. ఆ అధ్యయనంలోని రోగులకు క్యాన్సర్ ఉన్నట్టు అప్పటికే తెలుసు. మామూలు జనంలో అండాశయ క్యాన్సర్ చాలా అరుదు కాబట్టి అక్కడ ఈ లెక్క తలకిందులవుతుంది. వేలమంది ఆరోగ్యవంతులను పరీక్షిస్తే, గీత దాటిన వారిలో అత్యధికులు క్యాన్సర్ లేనివారే అవుతారు.

మీ రిపోర్టులో అంకె కన్నా విలువైన మాట ‘గ్రౌండ్ గ్లాస్ ఎకోస్’. సిస్ట్ లోపల ఉన్నది పలుచని నీరు అయితే స్కానింగ్‌లో నల్లగా కనబడుతుంది. పాత రక్తం చిక్కబడి ఉంటే అంతటా ఒకే తీరున బూడిదరంగు పొగమంచు కమ్మినట్టు ఉంటుంది. నెలసరి వచ్చినప్పుడల్లా విపరీతమైన నొప్పి, ఒకే గదిలో ఇలాంటి ద్రవం... ఈ రెండూ కలిస్తే గైనకాలజిస్టు మొదట అనుమానించేది ఎండోమెట్రియోమానే. అందరూ చాక్లెట్ సిస్ట్ అంటుంటారే, అదే. ఆ సిస్ట్ ఉన్నవారిలో సీఏ-125 70, 80, 100 రావడం మేము నిత్యం చూసేదే. అది పగిలితే వందలు దాటి వేలల్లోకి వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. క్యాన్సర్ ఉండక్కర్లేదు.

అంకెను విడిగా చూడకూడదని ఊరికే చెబితే మనసుకు ఎక్కదు. లెక్క వేసి చూపిస్తాను. అండాశయ గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం ఎంతో అంచనా వేయడానికి 1990లో ఇయాన్ జేకబ్స్ బృందం ఒక సూత్రం ఇచ్చింది. దాన్ని ఆర్ఎంఐ అంటారు. స్కానింగ్‌లో ఐదు విషయాలు చూస్తారు: సిస్ట్‌లో చాలా గదులున్నాయా, ఘన భాగాలున్నాయా, రెండు అండాశయాల్లోనూ ఉందా, పొట్టలో నీరు చేరిందా, వేరే చోటికి పాకిన గుర్తులున్నాయా. ఒక్కటీ లేకపోతే 0, ఒకటి ఉంటే 1, రెండు గానీ అంతకు మించి గానీ ఉంటే 3. నెలసరి ఇంకా వస్తున్న స్త్రీకి 1, ఆగిపోయిన స్త్రీకి 3. ఈ రెండింటినీ సీఏ-125 అంకెతో గుణిస్తారు. 200 దాటితే, కొన్నిచోట్ల 250 దాటితే, అండాశయ క్యాన్సర్లకు ఆపరేషన్ చేసే నిపుణుల దగ్గరకు పంపిస్తారు.

మీ రిపోర్టు తీసుకోండి. ఐదింటిలో ఒక్కటీ లేదు, కాబట్టి 0. నెలసరి వస్తోంది, కాబట్టి 1. 0ని 1తో, 78తో గుణిస్తే 0. ఇప్పుడు నెలసరి ఎప్పుడో ఆగిపోయిన ఒక స్త్రీని ఊహించుకోండి. ఆమెకూ సీఏ-125 సరిగ్గా 78 వచ్చింది. కానీ స్కానింగ్‌లో ఘన భాగాలున్న గడ్డ, పొట్టలో కొంచెం నీరు కనిపించాయి. 3ని 3తో, 78తో గుణిస్తే 702. అదే రక్తపరీక్ష, అదే అంకె. మీరైతే కొన్ని వారాలాగి మళ్లీ స్కానింగ్‌కు వెళ్లొచ్చు. ఆమె ఆ వారమే క్యాన్సర్ నిపుణుల ముందు ఉండాలి. మీకు 0 వచ్చిందంటే ప్రమాదం పూర్తిగా సున్నా అని అర్థం కాదు. మీ వయసులో డాక్టర్లు ఈ సూత్రం మీద కన్నా స్కానింగ్‌లో సిస్ట్ తీరు మీదే ఎక్కువ ఆధారపడతారు. మీ సిస్ట్ తీరు మాత్రం నిమ్మళంగా ఉండమనే చెబుతోంది.

కాబట్టి అండాశయం తీయించుకోవాలా అన్న ప్రశ్నకు నా జవాబు: వద్దు. ఒక్క రక్తపరీక్షలో అంకె ఎక్కువ వచ్చిందని 37 ఏళ్ల వయసులో అండాశయాన్ని తీసేయడం వైద్యం కాదు. 6 నుంచి 12 వారాల్లో, నెలసరి అయిపోయిన కొద్ది రోజులకు, యోని మార్గం ద్వారా మళ్లీ స్కానింగ్ చేయించండి. కొన్ని సిస్టుల్లో ఉండేది అండం విడుదలైనప్పుడు కారిన రక్తమే. అదైతే ఆలోపు కరిగిపోతుంది. చాక్లెట్ సిస్ట్ అయితే అలాగే ఉంటుంది. ఉంటే నొప్పికి చికిత్స మొదలుపెట్టాలి. ఏడాదిగా ప్రతి నెలా భరించలేని నొప్పి పడుతున్నారు. మీరు ఒక్క మాటలో రాసి వదిలేసినా, నిజానికి మీరు వైద్యం చేయించుకోవాల్సింది దానికే. హార్మోన్ మాత్రలతో చాలామందికి మంచి ఉపశమనం దొరుకుతుంది. ఇంకా పిల్లలు కావాలనుకుంటున్నారా లేదా అన్నదాన్ని బట్టి చికిత్స మారుతుంది. ఆ మాట డాక్టర్‌తో ముందే చెప్పండి. చాక్లెట్ సిస్ట్ ఉన్నవారిలో కొన్ని రకాల అండాశయ క్యాన్సర్ల ముప్పు మామూలు కన్నా కాస్త ఎక్కువ, అయినా ఆ ముప్పు మొత్తంగా చిన్నదే. డాక్టర్ రమ్మన్నప్పుడు వెళ్లి చూపించుకుంటే సరిపోతుంది. సిస్ట్ పెరిగినా, లోపల ఘన భాగాలు కొత్తగా కనిపించినా అప్పుడు ఆపరేషన్ గురించి మాట్లాడుకోవాలి. ఒకవైపు హఠాత్తుగా తట్టుకోలేని నొప్పి వచ్చి వాంతులు అవుతుంటే మాత్రం అది అండాశయం మెలిపడటం కావచ్చు. తెల్లవారే దాకా చూద్దాం అనుకోకుండా అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి.

మళ్లీ సీఏ-125 చేయించాలా? మీకు నేనైతే చెప్పను. డాక్టర్ కావాలంటే నెలసరి అయిపోయాక ఓ వారానికి ఇవ్వండి. మొదట చేయించిన ల్యాబ్‌లోనే ఇవ్వండి. కంపెనీకో కిట్ ఉంటుంది, ఒకే రక్తానికి రెండు ల్యాబ్‌లలో రెండు అంకెలు రావచ్చు. జుట్టు కోసమో గోళ్ల కోసమో ఎక్కువ మోతాదులో బయోటిన్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతీ ముందే చెప్పాలి. కొన్ని కిట్లలో అది ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

మీ పాప విషయం తేలిగ్గా తేల్చేస్తాను. ఏ ఇబ్బందీ లేని 16 ఏళ్ల అమ్మాయికి ఈ పరీక్ష అవసరం లేదు. చేయించకండి. ఆ వయసులో అండాశయ కణితులు రావడమే అరుదు. వచ్చినా అవి సీఏ-125 పట్టుకునే రకం కావు, ఎక్కువగా అండకణాల నుంచి పుట్టేవి. వాటికి వేరే మార్కర్లున్నాయి. యోక్ సాక్ ట్యూమర్‌కు ఏఎఫ్‌పీ, కోరియోకార్సినోమాకు బీటా హెచ్‌సీజీ, డిస్‌జెర్మినోమాకు ఎల్‌డీహెచ్. అమ్మాయిలకు గానీ 40 లోపు స్త్రీలకు గానీ స్కానింగ్‌లో ఘన భాగాలతో చిక్కుగా కనిపించే గడ్డ ఉన్నప్పుడు ఈ మూడూ కలిపి చేస్తారు. గడ్డ కనిపించాకే మార్కర్, ముందు కాదు. పాపకు ఎప్పుడైనా కడుపులో గడ్డ తగిలినా, పొట్ట పెరుగుతున్నట్టు అనిపించినా, విడవని నొప్పి వచ్చినా ముందు స్కానింగ్ చేయించండి.

ఇక ఏటా ప్యాకేజీ సంగతి. ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. అడగడంలో తప్పేం లేదు. ముందే పట్టుకుంటే బతికిపోతాం అన్నది సహజంగా వచ్చే ఆలోచనే. వైద్యులకూ వచ్చింది. అందుకే దాన్ని చాలా పెద్ద ఎత్తున పరీక్షించి చూశారు. అమెరికాలో పీఎల్‌సీఓ అనే అధ్యయనంలో 55 నుంచి 74 ఏళ్ల మధ్య వయసున్న 78,216 మంది స్త్రీలను రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు ఏటా సీఏ-125, స్కానింగ్ చేశారు. రెండో జట్టును వారి మామూలు వైద్యానికే వదిలేశారు. 2011లో ఫలితాలు వచ్చాయి. అండాశయ క్యాన్సర్ మరణాలు పరీక్షలు చేసిన జట్టులో ఏమీ తగ్గలేదు. పైగా ఆ జట్టులో 3,285 మందికి క్యాన్సర్ లేకపోయినా పరీక్షలో అనుమానం వచ్చింది. వారిలో 1,080 మందికి ఆపరేషన్ జరిగింది. అలా ఆపరేషన్ అయినవారిలో నూటికి 15 మందికి కనీసం ఒక తీవ్రమైన ఇబ్బంది ఎదురైంది. క్యాన్సర్ లేదు, అయినా కోత పడింది, ఆ కోత వల్ల కొత్త కష్టం వచ్చింది. ఈ అంకెల వెనక ఉన్నవాళ్లు మీలాగే ఒక రిపోర్టు చూసి భయపడ్డ ఆడవాళ్లు.

బ్రిటన్‌లో ఇంకా జాగ్రత్తగా చేశారు. రెండు లక్షల మందికి పైగా స్త్రీలు, అందరూ 50 దాటి నెలసరి ఆగినవారు. ఒక జట్టులో ఒక్కసారి వచ్చిన అంకెను కాకుండా, అది ఏడాదికేడాది ఎలా కదులుతోందో గమనించారు. తొలి దశలో దొరికిన క్యాన్సర్ల సంఖ్య కాస్త పెరిగింది కూడా. కానీ 2021లో వచ్చిన చివరి ఫలితాల్లో మరణాలు తగ్గలేదు. వేగంగా పెరిగే రకాలు ఏడాదికోసారి చేసే పరీక్షకు ఆగవు. నిదానంగా పెరిగేవి ముందే దొరికినా ఫలితంలో పెద్ద తేడా రాలేదు. అందుకే లక్షణాలు లేని, వంశపారంపర్య ముప్పు లేని స్త్రీలకు ఈ పరీక్షతో స్క్రీనింగ్ వద్దని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2018లో కూడా చెప్పింది.

ప్యాకేజీలో కలిపే మిగతా పేర్లూ అంతే. సీఈఏ పొగతాగే వారిలో పెరుగుతుంది. సీఏ 19-9 పిత్తనాళాల్లో అడ్డంకి వచ్చి కామెర్లు వచ్చినా పెరుగుతుంది, డెర్మాయిడ్ సిస్ట్ ఉన్నా పెరగవచ్చు. ఏఎఫ్‌పీ గర్భంలోనూ కాలేయ జబ్బుల్లోనూ పెరుగుతుంది. హెచ్‌ఈ4 అనే కొత్త మార్కర్‌కు ఒక మంచి గుణం ఉంది, ఎండోమెట్రియోసిస్‌లో అది సాధారణంగా పెరగదు. కానీ కిడ్నీ దెబ్బతింటే పెరుగుతుంది. హెచ్‌ఈ4ను సీఏ-125తో కలిపి లెక్కించే రోమా స్కోరు కూడా ఉంది. అది గడ్డ ఉందని తెలిసి, ఆపరేషన్‌కు సిద్ధమవుతున్న స్త్రీల కోసం. ప్యాకేజీలో మార్కర్లు ఎన్ని ఎక్కువైతే, ఏదో ఒకటి గీత దాటి మిమ్మల్ని భయపెట్టే అవకాశం అంత ఎక్కువ. అన్నీ మామూలుగా వచ్చాయన్న ధీమాతో ఉబ్బరాన్ని ఆరు నెలలు పట్టించుకోకుండా ఉండటం అంతకన్నా ప్రమాదం.

అలాగని సీఏ-125 పనికిరాని పరీక్ష అనుకోవద్దు. సరైన చోట అది చాలా విలువైనది. లక్షణాలున్న మనిషిలో, గడ్డ కనిపించినవారిలో, ముఖ్యంగా క్యాన్సర్ నిర్ధారణ అయి చికిత్స పొందుతున్నవారిలో. కీమోథెరపీ పనిచేస్తోందా లేదా అన్నది ఈ అంకె పడిపోయే తీరులో తెలుస్తుంది. చికిత్స అయిపోయాక మాత్రం దాన్ని చూసి కంగారుపడి వెంటనే మందులు మొదలుపెట్టడం వల్ల ఆయుష్షు పెరగదని 2010లో ప్రచురితమైన ఒక పెద్ద యూరప్ అధ్యయనం తేల్చింది. అక్కడ కూడా అంకెకు కాదు, మనిషికే వైద్యం చేయాలి.

మీ అమ్మగారి స్కానింగ్‌లో ఏదైనా గడ్డో, పొట్టలో నీరో కనిపిస్తే ఏం జరుగుతుందో ముందే తెలిసి ఉంటే మీరు ధైర్యంగా ఉంటారు. సీటీ స్కాన్ చేస్తారు. సీఏ-125తో పాటు సీఈఏ, సీఏ 19-9 కూడా చూస్తారు. సీఈఏ ఎక్కువగా ఉంటే పేగు నుంచో జీర్ణాశయం నుంచో వచ్చిందేమోనని వెతుకుతారు. పొట్టలో నీరు, వందల్లో సీఏ-125, బరువు తగ్గడం, ఇవన్నీ ఉన్నా అది క్యాన్సర్ కాకుండా కడుపు క్షయ అయ్యే అవకాశం ఉంది. రెండూ స్కానింగ్‌లో ఒకేలా కనిపించి నిపుణులను కూడా తికమకపెడతాయి. క్షయకు మందులతోనే నయమవుతుంది. కాబట్టి నీటి పరీక్ష, ముక్క పరీక్ష పూర్తయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఫలానా అని తీర్మానం చేసుకోకండి. ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెబుతాను. అనుమానం ఉన్న అండాశయ గడ్డ నుంచి ‘సూదితో నీరు లాగేద్దాం’ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. గడ్డ అండాశయానికే పరిమితమై ఉంటే, సూది గుచ్చినందువల్ల కణాలు కడుపులోకి చిందే ప్రమాదం ఉంది. పొట్టలో చేరిన నీటిని పరీక్షకు తీయడం వేరు, దానికి అభ్యంతరం లేదు. ఆపరేషన్ అవసరమైతే గైనకలాజికల్ ఆంకాలజిస్టు (స్త్రీల క్యాన్సర్లకు ఆపరేషన్ చేసే నిపుణులు) చేతనే చేయించండి. ఈ జబ్బులో మొదటి ఆపరేషన్ ఎంత పూర్తిగా జరిగిందన్న దాన్ని బట్టే తర్వాతి ఫలితం ఉంటుంది.

ఇక పెద్దమ్మగారి సంగతి. మీ భయానికి అసలు మూలం అక్కడే ఉందని మీ ఉత్తరం చదివితే అర్థమవుతోంది. ఆ భయానికి సరైన జవాబు సీఏ-125 కాదు, జన్యు పరీక్ష. బీఆర్‌సీఏ1 జన్యువులో లోపం ఉన్న స్త్రీలలో నూటికి సుమారు 40 మందికి, బీఆర్‌సీఏ2లో లోపం ఉంటే 15 నుంచి 20 మందికి జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వస్తుంది. మామూలు స్త్రీలలో అది నూటికి ఒకటి చిల్లర. లోపం ఉందని తేలినవారికి, పిల్లలు కన్న తర్వాత, బీఆర్‌సీఏ1 అయితే 35-40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 అయితే 40-45 మధ్య అండాశయాలు, గర్భనాళాలు తీయించుకోమని సలహా ఇస్తారు. ఈ క్యాన్సర్లలో చాలా భాగం గర్భనాళం చివర్లో మొదలవుతాయని ఇప్పుడు తెలిసింది కాబట్టి నాళాలు కూడా తీయాలి. ‘తీయించుకోనా’ అన్న మీ ప్రశ్నకు ‘అవును’ అనే జవాబు ఎప్పుడైనా రావాల్సి వస్తే అది ఈ దారిలో రావాలి, 78 చూసి కాదు.

ఈ పరీక్ష మీతో మొదలుపెట్టకండి. జబ్బు వచ్చిన మనిషిలో చేస్తేనే దీనికి పూర్తి అర్థం ఉంటుంది. పెద్దమ్మగారు లేరు కాబట్టి తర్వాత దగ్గరైన రక్తం మీ అమ్మగారిది, పెద్దమ్మగారి పిల్లలది. మీ అమ్మగారిలో లోపం ఉంటే మీకు వచ్చే అవకాశం సగానికి సగం. కుటుంబానికి వచ్చిన ఆ లోపమేదో గుర్తించాక ఆమెలో అది లేదని తేలితే, మీకు ఆ వైపు నుంచి ముప్పు లేదు, మీ పాపకూ లేదు. ఇంట్లో రొమ్ము క్యాన్సర్ ఎవరికైనా వచ్చిందా, నాన్నగారి వైపు ఎవరికైనా వచ్చిందా అన్నది కూడా రాసిపెట్టుకోండి. ఈ లోపం తండ్రి నుంచి కూడా అంతే తేలిగ్గా వస్తుంది.

పెద్దమ్మగారి పిల్లలకు ఫోన్ చేసి ఆమె బయాప్సీ రిపోర్టు ఉందేమో అడగండి. అందులో ‘హై గ్రేడ్ సీరస్’ అని ఉంటే జన్యు పరీక్ష తప్పక చేయించాలి. ‘మ్యూసినస్’ అని ఉంటే బీఆర్‌సీఏ లోపం ఉండే అవకాశం బాగా తక్కువ. రిపోర్టు పోయినా ఆపరేషన్ జరిగిన ఆసుపత్రిలో అడిగి చూడండి. కణజాలాన్ని మైనపు దిమ్మెల్లో ఏళ్ల తరబడి భద్రపరుస్తారు, వాటి మీద కూడా జన్యు పరీక్ష చేయవచ్చు. ఈ సంగతి పెద్దమ్మగారి కూతుళ్లకు మీకన్నా ఎక్కువ అవసరం. వాళ్లకు ఎవరూ చెప్పి ఉండకపోవచ్చు, మీరే చెప్పండి.